జంట గీత

మా పాపకు మొదటిసారి ఫిట్స్ వచ్చింది లాల పోస్తుండగా.

మార్గశిర మాసం, గురువారం. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి పాదాల దగ్గర పాపను పడుకోబెడతానని నానమ్మ మొక్కుకుంది. ఆనందపురం నుంచి ముందురోజు సాయంత్రమే గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చేసింది. తెల్లవారకముందే లేచి డేగిసాలో నీళ్ళు పెట్టింది. పాపకు అప్పటికి ఐదున్నర నెలలు.

నానమ్మ లాల పోయడం చూడాల్సిందే. చిన్న పీట మీద కూర్చుని, రెండు కాళ్ళూ బారచాపి, పాపను కాళ్ళ మీద బోర్లా వేసుకుంటుంది. ముందు నువ్వులనూనె, తర్వాత సున్నిపిండి, ఆపైన చెంబుతో ధారగా వేడినీళ్ళు. వేడంటే మామూలు వేడి కాదు, పొగలు కక్కుతుంటాయి. మా నాన్నకూ, మా అత్తకూ, నాకూ, బావకూ ఆ చేతులే లాల పోశాయి. "ఉడుకునీల్లు పడితేనే ఒల్లు గట్టిపడతాదే అమ్మీ" అంటుంది.

ఆమె నాకు నానమ్మ, బావకు అమ్మమ్మ. మా నాన్న చెల్లెలే మా అత్తగారు. అంటే మాది మేనరికం. ముందుముందు ఈ మాట చాలాసార్లు వస్తుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

మూడో చెంబో నాలుగో చెంబో పోసేసరికి పాప ఏడుపు టక్కున ఆగిపోయింది. నిద్ర పట్టిందనుకుంది నానమ్మ. నేను టవల్ పట్టుకుని పక్కనే ఉన్నాను. కుడి చెయ్యి లయగా కొట్టుకుంటోంది, ఎవరో లోపల్నుంచి దారం కట్టి లాగుతున్నట్టు. తర్వాత కుడి కాలు. తర్వాత నోరు ఒక పక్కకు పోయింది. ఎడమ చెయ్యి మాత్రం మెత్తగా, మామూలుగా ఉంది. అది చూస్తే మరీ భయమేసింది నాకు. సగం పిల్ల నిద్రపోతోంది, సగం పిల్ల కొట్టుకుంటోంది.

పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి బీరువా తాళాల గుత్తి పాప గుప్పిట్లో పెట్టింది. ఇంకెవరో ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. బావ ఆటో పిలిచాడు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటాక ఫిట్స్ ఆగింది. ఇంట్లో మొదలై అప్పటికి ఇరవై నిమిషాలు పైనే.

ఆసుపత్రిలో జ్వరం చూశారు, లేదు. షుగర్, కాల్షియం చూశారు, బాగానే ఉన్నాయి. చిన్నపిల్లల్లో ఒక్కోసారి వస్తుంటుంది, చూద్దాం అన్నారు. జనవరిలో జలుబు చేసి వంద జ్వరం రాగానే మళ్ళీ వచ్చింది. ఈసారి ఎడమ వైపు. మందు మొదలుపెట్టారు. ఆక్స్‌కార్బజిపీన్ అనే సిరప్. శరీరంలో ఒక పక్కకే వచ్చే ఫిట్స్‌కు సాధారణంగా ఇచ్చే మందే అది, చాలామంది పిల్లలకు పనిచేస్తుంది. ఆ డాక్టర్ మీద నాకు కోపం లేదని చెప్పడానికి రెండేళ్ళు పట్టింది.

ఎందుకంటే మందు మొదలుపెట్టాక ఫిట్స్ పెరిగాయి. నెలకొకటి కాస్తా పది రోజులకొకటి, తర్వాత వారానికొకటి. వెళ్ళిన ప్రతిసారీ డోసు పెంచారు. పెంచిన ప్రతిసారీ నాలుగు రోజులు ఆశగా చూసేవాళ్ళం. ఎంఆర్‌ఐ తీశారు, నార్మల్. మెదడులో కరెంటు తరంగాలు చూసే ఈఈజీ పరీక్షకు పాపను రాత్రంతా మేలుకోబెట్టి, పొద్దున తలకు జిగురు రాసి వైర్లు అంటించారు. అదీ నార్మల్. ఆ జిగురు జుట్టులోంచి పోవడానికి మూడు రోజులు పట్టింది. రిపోర్టులన్నీ నార్మల్, పిల్ల మాత్రం నార్మల్‌గా లేదు.

ఆ రోజుల్లోనే పాత స్కూలు నోటుబుక్కు ఒకటి తీసి రాయడం మొదలుపెట్టాను. తేదీ, టైము, కుడా ఎడమా, ఎన్ని నిమిషాలు, జ్వరం ఉందా లేదా, అంతకుముందు ఏం జరిగింది. ఎవరూ చెప్పలేదు. చేతులు ఊరికే ఉండలేక రాశాను, అంతే.

తొమ్మిది నెలల టీకా మార్చిలో వేయించాం. తట్టు, రూబెల్లా టీకా. ఎనిమిదో రోజు జ్వరం వచ్చింది, సాయంత్రానికి ఫిట్స్. ఆ ఒక్కసారి నలభై నిమిషాలు ఆగలేదు. ఐసీయూలో రెండు రాత్రులు. ఆ కారిడార్‌లో కుర్చీలో కూర్చునే మొదటిసారి విన్నాను, "దగ్గర సంబంధం కదమ్మా" అనే మాట. అన్నది డాక్టర్ కాదు, పక్క మంచం పాప వాళ్ళ పెద్దమ్మ. చాలా జాలిగా అంది.

అక్కణ్నుంచి అందరూ అదే మాట. చుట్టాల్లో ప్రతివాళ్ళూ ఒక కారణం పట్టుకున్నారు. చదువుకున్నవాళ్ళకు మేనరికం. చదువుకోనివాళ్ళకు పక్షిదోషం, దిష్టి. మా ఆడపడుచుకు టీకా. ఆమె తన బాబుకు రెండో డోసు మానిపించేసింది కూడా. మా అత్త ఏమీ అనేది కాదు, ఆ సంబంధం కుదిర్చింది ఆవిడే మరి. నానమ్మ మాత్రం, "నీల్లు మరీ ఉడుగ్గా పోసీసినాను" అని ఎవరు కనిపిస్తే వాళ్ళకు చెప్పుకుని ఏడ్చేది. నేను పైకి "నీ తప్పేం లేదు నానమ్మా" అనేదాన్ని. లోపల మాత్రం, ఆ నీళ్ళు పోయకపోతే ఇదంతా మొదలయ్యేదే కాదేమో అనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పాపకు పద్నాలుగో నెల వచ్చాక, ఆగస్టులో, నగరంలోనే పిల్లల న్యూరాలజిస్టు ఒకాయన దగ్గరకు వెళ్ళాం. ఫైలు పక్కన పెట్టి ముందు రెండు ప్రశ్నలడిగాడు. "వేడినీళ్ళ స్నానం అప్పుడు ఎప్పుడైనా వచ్చిందా అమ్మా?" అని ఒకటి. "ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వస్తోందా?" అని రెండోది.

నేను బావ వంక చూశాను. బావ నా సంచీలోంచి నోటుబుక్కు తీసి ఆయన ముందు పెట్టాడు. ఆయన పేజీలు తిప్పుతూ వేలితో ఒక్కో వరసా చదివాడు. జనవరి దగ్గర ఆగి, సిరప్ మొదలుపెట్టిన తేదీ చూసి, ఆ తర్వాతి పేజీల్లో వరసలు ఎలా దగ్గర దగ్గరగా వచ్చాయో చూసి, "ఈ మందు ఆపేద్దాం. ఒక్కసారిగా కాదు, తగ్గించుకుంటూ" అన్నాడు. బదులుగా వాల్‌ప్రోయేట్ సిరప్ రాశాడు. రక్తపరీక్ష రాకముందే, ఆ పుస్తకం చూసే మార్చాడు. మూడో వారానికి తేడా తెలిసింది. తర్వాత క్లోబజామ్ కూడా కలిపాడు. పూర్తిగా పోలేదు కానీ వారానికొకటి కాస్తా నెలకొకటి అయింది.

డ్రావే సిండ్రోమ్ అనే పేరు ఆయన నోటే మొదట విన్నాం. షార్లెట్ డ్రావే అనే ఫ్రెంచి డాక్టరమ్మ 1978లో ఇలాంటి పిల్లల గురించి రాసిందట. మొదటి ఏడాదిలో, జ్వరానికో వేడికో మొదలయ్యే ఫిట్స్, ఒకసారి ఒక పక్క, ఇంకోసారి ఇంకో పక్క, స్కానింగులు నార్మల్. నూటికి ఎనభై మందికి పైగా ఈ పిల్లల్లో ఒకే జన్యువులో లోపం ఉంటుంది, అది చూడటానికి జీన్ టెస్టు చేయించాలి అన్నాడు.

జీన్ టెస్టు అనగానే నాకు అర్థమైంది ఒక్కటే. ఇక తేలిపోతుంది, ఎవరి వల్లో.

ముందు జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవమన్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ చదివిన అమ్మాయి, నా వయసే ఉంటుంది. మద్దిలపాలెం మీదుగా ఇన్నేళ్ళు బస్సులో తిరిగాను, ఆ గోడ లోపల అలాంటి డిపార్ట్‌మెంట్ ఒకటి ఉందనే తెలీదు నాకు. ఆమె తెల్లకాగితం తీసి మా వంశం గీసింది. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా. నానమ్మా తాతయ్యా పైన. వాళ్ళ కింద మా నాన్న చదరం, మా అత్త సున్నా. వాళ్ళ కింద నేనూ, బావా. మామూలుగా భార్యాభర్తల మధ్య ఒక గీత గీస్తారు. మా ఇద్దరి మధ్యకు వచ్చేసరికి ఆమె పెన్ను ఆగకుండా, పక్కపక్కనే రెండు గీతలు గీసింది. రైలు పట్టాల్లా. మా కింద పాప సున్నా గీసి, దాన్ని నల్లగా నింపింది.

"రెండు గీతలెందుకు మేడమ్?" అని అడిగాను, తెలిసే.

"దగ్గర సంబంధం అని గుర్తు. అందరికీ ఇలాగే వేస్తాం" అంది. మాటలో ఏ వంకరా లేదు. కానీ నా కళ్ళు ఆ రెండు గీతల మీదే ఉండిపోయాయి. పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, ఆస్తి బయటకు పోదు, పిల్ల కళ్ళ ముందే ఉంటుంది అని సంబరపడిన వాళ్ళంతా ఆ కాగితం చుట్టూ నిలబడి చూస్తున్నట్టు అనిపించింది.

ఆమె చాలాసేపు ఓపిగ్గా చెప్పింది. ఒక జన్యువుకు మనలో రెండు కాపీలుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. కొన్ని జబ్బులు రెండు కాపీలూ చెడితేనే వస్తాయి. తలసీమియా అలాంటిదే. మేనరికంలో గొడవ అక్కడ. తాతమ్మల తాతయ్యల దగ్గరున్న ఒకే చెడ్డ కాపీ రెండు దారుల్లో దిగివచ్చి ఒకే పిల్లలో కలుసుకుంటుంది. అత్తకొడుకూ మేనమామ కూతురూ అయిన మాలాంటి జంట పిల్లల్లో, జన్యువుల్లో సుమారు పదహారో వంతు అలా రెండు వైపులా ఒకే తాత కాపీ ఉంటుంది. ఏ జంటకైనా పుట్టే బిడ్డకు పుట్టుకతో పెద్ద లోపం వచ్చే అవకాశం నూటికి రెండు మూడు ఉంటే, మా లాంటి వాళ్ళకు ఇంకో రెండు దాకా పెరుగుతుంది. "పెరుగుతుంది నిజమే. అలాగని ప్రతి జబ్బూ దీనివల్లే రాదు. కొన్ని జబ్బులకు ఒక్క కాపీ చెడితే చాలు. డాక్టర్‌గారు అనుమానపడుతున్నది అలాంటిదే" అంది.

అంగీకారపత్రం చదివి వినిపించింది. జవాబు మూడు రకాలుగా రావచ్చట. లోపం ఉంది, లోపం దొరకలేదు. మూడోది అన్నింటికన్నా కష్టమైనది, తేడా కనిపించింది కానీ అది జబ్బు చేసేదో కాదో ఇప్పటికి తెలీదు అని. బావకు ఈ మూడోది అసలు మింగుడు పడలేదు. "పాతిక వేలు తీసుకుని తెలీదంటారా?" అని బయటికొచ్చాక నా మీద అరిచాడు. డబ్బుకోసం ఆ నెల చీటీ నష్టానికి పాడుకున్నాం మరి.

పాప చేతిలో నరం దొరకలేదు, పాదం మీద తీశారు. ఊదారంగు మూత ట్యూబులో రెండు మిల్లీలీటర్లు, అంతే. అది కొరియర్‌లో బెంగుళూరు వెళ్తుందన్నారు. ఐదు వారాలు.

ఆ ఐదు వారాలూ నేను ఫోనులో చదవని రాత్రి లేదు. ఎక్కువ చదివితే భయం పెరుగుతుందని బావ ఫోను లాక్కునేవాడు. రిపోర్టు వచ్చాక డాక్టర్ చెప్పిందీ, నేను చదివిందీ కలిపి, నాకు అర్థమైనంతలో ఇక్కడ రాస్తాను.

జన్యువు పేరు ఎస్‌సీఎన్1ఏ. రెండో క్రోమోజోమ్ మీద ఉంటుంది. మెదడులోని నాడీకణాల గోడల్లో చిన్న తలుపులుంటాయి. అవి తెరుచుకుంటే సోడియం లోపలికి దూసుకొస్తుంది, ఆ దూకుడుకే కణంలో కరెంటు పుడుతుంది. ఆ తలుపుల్లో ఒక రకాన్ని తయారుచేసే పద్ధతి ఈ జన్యువులో రాసి ఉంటుంది. తలుపు అంటే ఒక ప్రోటీన్, అమైనో ఆమ్లాలనే పూసలు 2009 గుచ్చిన గొలుసు.

కరెంటు పుట్టించే తలుపు తక్కువైతే ఫిట్స్ తగ్గాలి కదా, ఎందుకు పెరుగుతాయి? ఇది నేనే అడిగాను. డాక్టర్‌కు ఆ ప్రశ్న నచ్చింది. మందుల చీటీ వెనక్కి తిప్పి రెండు రకాల కణాలు గీశాడు. మెదడులో కొన్ని కణాలు పక్కవాటిని ఉసిగొల్పుతాయి, కొన్ని అదుపుచేస్తాయి. ఈ రకం తలుపు మీద ఎక్కువగా ఆధారపడేది అదుపుచేసే కణాలే. 2006లో ఎలుకల మీద పరిశోధన చేసి ఆ సంగతి తేల్చారట. "సింహాచలం కొండ దిగే బస్సు అనుకోండి. ఇంజిన్ బాగానే ఉంది. బ్రేకు సగమే పడుతోంది" అన్నాడు.

అప్పుడు నాకు ఆ పాత సిరప్ గుర్తొచ్చింది. అది పనిచేసేదే సోడియం తలుపుల్ని మూసి. మిగతా పిల్లల్లో ఉసిగొల్పే కణాల్ని చల్లబరుస్తుంది. మా పాపలో ఉన్న సగం బ్రేకుకు కూడా నూనె రాసినట్టయింది. కార్బమజిపీన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ కూడా ఆ కోవవే. ఇలాంటి పిల్లలకు రోజూ వాడే మందుగా అవి పనికిరావు. ఆ పేర్లు నాలుగూ ఒక కార్డు మీద రాసి, లామినేషన్ చేయించి, పాప బ్యాగులో పెట్టాను. ఎక్కడ ఎవరు చూసినా ముందు ఆ కార్డు చూపిస్తాను.

ఒళ్ళు వేడెక్కితే ఆ బ్రేకు ఇంకా జారుతుందట. జ్వరమైనా, ఎండైనా, వేడినీళ్ళైనా ఒకటే. టీకా సంగతీ అంతే. 2006లోనే ఆస్ట్రేలియా వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. టీకా వల్లే పిల్లల మెదడు దెబ్బతిందని కుటుంబాలు నమ్మిన పద్నాలుగు మందిని తీసుకుని చూస్తే, పదకొండు మందిలో ఈ జన్యువులోనే లోపం కనిపించింది. టీకా జ్వరం తెచ్చింది, జ్వరం ఫిట్స్‌ను తెచ్చింది, జబ్బు మాత్రం పుట్టకముందు నుంచే ఉంది. ఇది మా ఆడపడుచుకు ఫోనులో అరగంట చెప్పాను. ఆమె బాబుకు రెండో డోసు వేయించింది. ఈ మొత్తంలో నేను గర్వపడేది ఏదైనా ఉంటే అదొక్కటే.

రిపోర్టులో మొదటి పేజీలోనే ఉంది. జన్యువు రాతలో 664వ అక్షరం సి ఉండాల్సిన చోట టి. అంతే తేడా, ఒక్క అక్షరం. కానీ ఆ అక్షరం పడిన చోటు ఎలాంటిదంటే, ఇక్కడ ఫలానా అమైనో ఆమ్లం చేర్చు అని ఉండాల్సింది ఇక్కడితో ఆపెయ్ అని మారింది. 2009 దాకా పోవాల్సిన గొలుసుకు 222 దగ్గరే చుక్క పడింది. ఆ కాపీతో తలుపు తయారవదు. రెండో కాపీ బాగుంది. కాబట్టి సగం తలుపులు.

మూడు వందల కోట్ల అక్షరాల్లో ఒక్కటి. స్కూల్లో పదేళ్ళుగా తెలుగు చెబుతున్నాను, పిల్లల పుస్తకాల్లో లక్ష అక్షరదోషాలు దిద్ది ఉంటాను. ఎర్రపెన్నుతో కొట్టేస్తే పోయే దోషాలవి.

అయితే అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఈ అక్షరం ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? దానికి మా ఇద్దరి రక్తం కావాలన్నారు. ఈసారి మొత్తం జన్యువులు చదవరు, ఆ ఒక్క చోటు మాత్రం చూస్తారు. మూడు వారాలు.

ఆ మూడు వారాలు ఆ ఐదు వారాల కన్నా అన్యాయంగా గడిచాయి. ఇంట్లో ఎవరం ఆ ఊసు ఎత్తలేదు. బావ పోర్టులో నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకున్నాడు. కార్తీక మాసం. రోజూ తులసికోట దగ్గర దీపం పెట్టి, నా దగ్గర్నుంచి రాకుండా ఉంటే బాగుండునని దణ్ణం పెట్టుకునేదాన్ని. నాలుగైదు రోజులకు గానీ తట్టలేదు నాకు, నాది కాకూడదంటే బావది కావాలని కోరుకుంటున్నట్టే కదా అని. ఆ రోజు దీపం పెట్టాను కానీ దణ్ణం పెట్టలేకపోయాను. చాలాకాలం తర్వాత బావకు ఈ సంగతి చెబితే, కాసేపు ఊరుకుని, "నేనూ అదే కోరుకున్నాను" అన్నాడు. తనది కాకూడదనా, నాది కాకూడదనా అని నేను అడగలేదు.

కౌన్సెలర్ ఫోను చేయలేదు, రమ్మంది. మంచివార్త అయితే ఫోనులోనే చెప్పేస్తారు అనుకుంటూ వెళ్ళాం. కూర్చోగానే, "మీ ఇద్దరిలోనూ లేదు" అంది.

నాకు అర్థం కాలేదు. ఇద్దరిలోనూ లేకపోతే ఎక్కణ్నుంచి వచ్చింది?

ఎక్కణ్నుంచీ రాలేదట. పాప ఏ అండంతో, ఏ కణంతో మొదలైందో అక్కడ కొత్తగా పుట్టిన తప్పు. జన్యువులు కాపీ అయ్యేటప్పుడు ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి, ఏ మనిషైనా అమ్మానాన్నల్లో లేని అరవై డెబ్బై కొత్త మార్పులతోనే పుడతాడు, దాదాపు అన్నీ ఏ అపకారమూ చేయని చోట్ల పడతాయి అని చెప్పింది. డ్రావే పిల్లల్లో నూటికి తొంభై మందికి ఇలాగే కొత్తగా వస్తుంది. 2001లో బెల్జియం వాళ్ళు ఈ జన్యువును పట్టుకున్నప్పుడు ఏడుగురు పిల్లల్ని చూశారు, ఏడుగురిలోనూ లోపం ఉంది, ఒక్కరి తల్లిదండ్రుల్లోనూ లేదు.

"మరి మేనరికం?" అన్నాడు బావ.

"దీనికీ దానికీ సంబంధం లేదు సార్. మీరు వేరే రాష్ట్రం అమ్మాయిని చేసుకున్నా ఇది రావచ్చు." తర్వాత వెంటనే, "అలాగని మీ ఇంట్లో తర్వాతి పెళ్ళిళ్ళకు నేను సర్టిఫికెట్ ఇచ్చానని చెప్పకండి" అని నవ్వింది. మేమూ నవ్వాం. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నేను చాలాసేపు ఏడ్చాను. బావ పక్కనే నిలబడి జేబులో తాళాలు తిప్పుకుంటున్నాడు.

తప్పు ఎవరిదో తేలితే మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఎవరిదీ కాదని తేలేసరికి కొన్నాళ్ళు ఇంకా తిక్కగా ఉండేది. తిట్టుకోవడానికి మనిషి లేడు. ఎనిమిది నెలలుగా లోపల దాచుకున్న కోపమంతా చేతిలో పట్టుకుని నిలబడ్డట్టు.

రెండో బిడ్డ సంగతి కూడా ఆ రోజే అడిగాం. సున్నా అని చెప్పలేనంది. మా రక్తంలో కనిపించకపోయినా, కొన్ని అండాల్లోనో వీర్యకణాల్లోనో ఆ మార్పు దాగి ఉండొచ్చట. ఆ అవకాశం తక్కువే, నూటికి కొన్ని. కావాలంటే గర్భంలో పదకొండు వారాల తర్వాత మాయ ముక్క తీసో, పదహారు వారాలప్పుడు ఉమ్మనీరు తీసో ఆ ఒక్క అక్షరాన్నే చూడొచ్చు. మేమింకా ఏమీ అనుకోలేదు. అత్త అడుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు పాపకు నాలుగేళ్ళు. నడుస్తుంది, కాస్త మోకాళ్ళు వంచి. రెండు మాటలు కలిపి చెబుతుంది. స్పీచ్ థెరపీకి వారానికి రెండు రోజులు ఎంవీపీ కాలనీ తీసుకెళ్తాను. ఫిట్స్ రెండు మూడు నెలలకోసారి వస్తున్నాయి. వస్తే చేతిలో తాళాలు పెట్టం, నోట్లో ఏమీ పెట్టం. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఫోనులో టైము చూస్తాం. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో మిడజోలామ్ స్ప్రే కొట్టాలి. ఎన్నిసార్లు కొట్టాలో పాప బరువు చూసి డాక్టర్ రాసిచ్చాడు, బరువు పెరిగినప్పుడల్లా ఆ చీటీ మారుస్తాం. స్ప్రేలు మూడు కొన్నాం. ఒకటి ఇంట్లో, ఒకటి నా హ్యాండ్‌బ్యాగులో, ఒకటి ఆనందపురంలో నానమ్మ ఇంట్లో దేవుడి గూట్లో.

విశాఖ ఎండ గురించి వేరే చెప్పాలా. డిగ్రీలు చూస్తే ముప్పై ఆరే ఉంటుంది, ఉక్కపోత ప్రాణం తీస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పాప గడప దాటేది సాయంత్రం ఆరు తర్వాతే. కరెంటు పోతే ముందు ఇన్వర్టర్ చూస్తాను, తర్వాత తడి తువ్వాలు. చందనోత్సవానికి మా ఇంటి ముందు నుంచే జనం కొండకు వెళ్తుంటారు, మేం గేటు దగ్గర్నుంచే దణ్ణం పెట్టుకుంటాం. బీచ్‌కు మాత్రం చలికాలం వెళ్తాం, చాలా ఇష్టం దానికి. ఇంకా కొత్త మందులు వస్తున్నాయని చదువుతుంటాను. బాగున్న కాపీ చేతే ఎక్కువ ప్రోటీన్ తయారు చేయించే మందు ఒకటి మనుషుల మీద పరీక్షల్లో ఉంది. ఆ వార్త చదివిన రోజు రాత్రి ఎందుకో నిద్ర పట్టదు.

నానమ్మకు చెప్పిన రోజు గురించి రాయాలి. రిపోర్టు వచ్చిన వారానికి మార్గశిరం వచ్చింది. గురువారాల రద్దీ తప్పించి ఒక సోమవారం పొద్దున్నే, చల్లగా ఉండగానే, పాపను బురుజుపేట తీసుకెళ్ళాం. పదిహేడు నెలల పిల్ల, అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెడితే లేచి కూర్చుని పసుపు రెండు చేతులకూ పూసుకుంది. బయటికొచ్చాక నానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం తీసి, ఆ చదరాలూ సున్నాలూ చూపించి మొత్తం చెప్పాను. ఇదిగో నువ్వు, ఇదిగో నాన్న, ఇదిగో అత్త. ఎవరి దగ్గరా లేదు, నీ నీళ్ళ వల్ల కాదు, నువ్వు పోయకపోతే ఇంకో వారానికి జ్వరానికి వచ్చేది. పైగా వేడినీళ్ళకు వచ్చిందని చెప్పబట్టే డాక్టర్ జబ్బును పట్టుకున్నాడు.

ఆమె శ్రద్ధగా విన్నది. రెండు గీతల మీద వేలు పెట్టి, "ఇదేటి, ఇక్కడ రెండున్నాయి?" అంది.

"బావా నేనూ చుట్టాలమని."

"ఓలమ్మ, అది కాయితంలో కూడా రాసీసినారా" అని మొహం మీద కొంగు అడ్డం పెట్టుకుంది.

నమ్మిందనే అనుకున్నాను. కానీ ఆ తర్వాత మళ్ళీ పాపకు లాల పోయలేదు. నేనెంత బతిమాలినా రాదు. పీట కూడా అటక మీద పెట్టేసింది. ఇప్పుడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా, నేను పాపకు స్నానం చేయిస్తుంటే, బాత్రూమ్ గడప బయట చతికిలబడి కూర్చుంటుంది. లోపలికి చూడదు. కానీ నేను చెంబు ముంచిన చప్పుడు వినపడిన ప్రతిసారీ అడుగుతుంది.

"అమ్మీ, నీల్లు సల్లగున్నాయా?"